నీటికి గొళ్ళెం

‘కవాటం’ అనగానే మీకు జీవశాస్త్ర పాఠంలోని గుండె గుర్తుకు వస్తుంది. గుండెలో నాలుగు కవాటాలుంటాయి. నెత్తురు ముందుకే పోవాలి గాని వెనక్కి రాకూడదు. అందుకోసం అవి తెరుచుకుంటూ, మూసుకుంటూ ఉంటాయి. అసలు కవాటం అనే మాటకు తలుపు అని అర్థం. సైకిలు ట్యూబుకు అలాంటి తలుపు ఒకటుంది. వంటింట్లో ప్రెషర్ కుక్కరుకూ ఒకటుంది. మీ ఇంటి నీళ్ళ పైపులకు కూడా తలుపులున్నాయి. వీటినే మనం వాడుకలో వాల్వులంటాం.

వీధి తలుపుకు గొళ్ళెం ఎక్కడుందో ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మరి ఇంట్లోకి వచ్చే నీటికి గొళ్ళెం ఎక్కడుంది? ఈ ప్రశ్న మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి చూడండి. చాలామంది వెంటనే చెప్పలేరు. ఆ గొళ్ళెం ఎలా పనిచేస్తుందో, ఎక్కడ ఎలాంటిది పెట్టాలో, ముఖ్యంగా మన పల్నాడు నీటికి ఏది తగినదో ఇప్పుడు తెలుసుకుందాం.

గొళ్ళెం లేకపోతే ఏమవుతుంది?

ఒక చిన్న లెక్క చేద్దాం. మేడ మీద 1000 లీటర్ల ట్యాంకు ఉంది. స్నానాల గదిలో కుళాయి తల విరిగి ఊడిపోయింది. నీరు నిమిషానికి 12 లీటర్ల చొప్పున చిమ్ముతున్నదనుకుందాం. 1000ని 12తో భాగిస్తే సుమారు 83 వస్తుంది. అంటే గంటన్నర తిరగకముందే ట్యాంకు ఖాళీ! ప్లంబరుకు కబురు పంపి, అతను వచ్చి, సంచి విప్పేసరికి పైన చుక్క నీరు మిగలదు. అదే ఆ గదికి విడిగా ఒక కవాటం ఉంటే? దాన్ని మూసేస్తే చాలు. ట్యాంకులో నీరు ట్యాంకులోనే ఉంటుంది. వంటింటి కుళాయి మామూలుగానే పనిచేస్తుంది.

ఇంకొక లెక్క. కుళాయి సెకనుకు ఒక చుక్క చొప్పున కారుతున్నది. ఇరవై చుక్కలు కలిస్తే సుమారు ఒక మిల్లీలీటరు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 86,400 చుక్కలు. అంటే రోజుకు 4 లీటర్ల 320 మిల్లీలీటర్లు, నెలకు దాదాపు 130 లీటర్లు. ‘చుక్కే కదా’ అనుకున్నది నెల తిరిగేసరికి పది బిందెలవుతుంది. కారే కుళాయిని బాగు చేయాలంటే ముందు దాని వెనుక నీటిని ఆపాలి. ఆపే దారి లేక ఎన్నో ఇళ్ళలో కుళాయిలు అలాగే నెలల తరబడి కారుతూ ఉంటాయి.

పల్నాడులో నీటి విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. ఈ సీమ నీటి ఎద్దడి మీద శ్రీనాథ కవి చాటువులు చెప్పాడని ప్రసిద్ధి. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. మాచర్ల దగ్గర మొదలయ్యే కుడి కాలువ ఈ ప్రాంతపు పొలాలకే కాక, అనేక ఊళ్ళకు తాగునీటికీ ఆధారమైంది. అయితే కాలువకు ఏడాది పొడుగునా నీరు రాదు. కాలువ కట్టేసిన రోజుల్లో చెరువుల్లో నిల్వ చేసిన నీటితో గడుపుకోవాలి. అంత దూరం నుంచి వచ్చి, శుద్ధి అయి, మేడ ఎక్కిన నీరు విరిగిన కుళాయిలోంచి మురికి కాలువ పాలైతే ఎంత నష్టం!

తూము, షట్టరు, కంచు బిరడా

నీటిని ఆపే విద్య కొత్తది కాదు. పాతకాలపు చెరువు తూమును చూశారా? కట్టకు లోపలి వైపు నీటిలో రెండు రాతి స్తంభాలు నిలబడి ఉంటాయి. అడుగున ఉన్న రాతి పలకకు గుండ్రటి కన్నం. ఆ కన్నంలో సరిగ్గా ఇమిడే బిరడా. బిరడాకు పొడుగాటి కర్ర. కర్రను పైకి లాగితే నీరు పొలాలకు పారుతుంది, కిందికి దించితే ఆగిపోతుంది. కన్నం మీద బిరడా కూర్చోవడం ఒక పద్ధతి.

కాలువల మీద షట్టర్లు చూసే ఉంటారు. గాడిలో ఇనుప పలక పైకీ కిందికీ జరుగుతుంది. నీటి దారికి అడ్డంగా పలకను దించడం రెండవ పద్ధతి.

మూడవ పద్ధతిని చూడాలంటే ఇటలీ దేశం వెళ్ళాలి. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదలో పాంపే నగరం కప్పబడిపోయింది. అక్కడి తవ్వకాల్లో రోమన్ల నాటి కంచు కవాటాలు దొరికాయి. వాటిలో అడ్డంగా కన్నం తొలిచిన ఒక బిరడా ఉంటుంది. కన్నం పైపు దారికి ఎదురుగా వస్తే నీరు పోతుంది. బిరడాను పావు చుట్టు తిప్పితే కన్నం పక్కకు తిరిగి దారి మూసుకుంటుంది.

మన ఇళ్ళలో ఉండే కవాటాలన్నీ దాదాపు ఈ మూడు పద్ధతుల సంతానమే. తూము బిరడా వారసుడు గ్లోబు వాల్వు, కాలువ షట్టరు వారసుడు గేటు వాల్వు, కంచు బిరడా వారసుడు బాల్ వాల్వు.

నీరు ఎంత బలంగా తోస్తుంది?

కవాటం ఆపవలసింది నీటి పీడనాన్ని. నీటి మట్టం 10 మీటర్ల ఎత్తున ఉంటే అడుగున పీడనం చదరపు సెంటీమీటరుకు ఒక కిలోగ్రాము. మీ ట్యాంకులో నీటి మట్టం కుళాయికి 7 మీటర్ల పైన ఉంటే పీడనం చ.సెం.మీ.కు 0.7 కిలోగ్రాము అన్నమాట. గుర్తుంచుకోండి: పీడనం ఎత్తును బట్టి ఉంటుంది. ట్యాంకు పెద్దదా చిన్నదా అన్నదానితో పని లేదు.

లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్లు ఉన్న పైపు అడ్డుకోత వైశాల్యం సుమారు 1.77 చ.సెం.మీ. దానిని 0.7తో గుణిస్తే సుమారు ఒకటింబావు కిలోగ్రాము. అంత చిన్న బలాన్ని బొటనవేలితో కూడా కొంతసేపు ఆపవచ్చు. మరి నాగార్జునసాగర్ ఆనకట్ట మీది గేటు సంగతి? అక్కడ 26 గేట్లున్నాయి. ఒక్కొక్కటి సుమారు 14 మీటర్ల వెడల్పు, 13 మీటర్ల ఎత్తు. గేటు నిండా నీరు ఆని ఉంటే సగటు పీడనం ఆరున్నర మీటర్ల నీటి ఎత్తుకు సమానం. అంటే చదరపు మీటరుకు ఆరున్నర టన్నులు. వైశాల్యం 182 చదరపు మీటర్లు. గుణించి చూడండి: వెయ్యి టన్నులకు పైగా! నీరు అదే, సూత్రమూ అదే. పెరిగింది వైశాల్యం.

మూడు తలుపుల తీరు

గ్లోబు వాల్వు: దీని పొట్ట కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. లోపల మధ్యలో ఒక అడ్డుగోడ, దానికి గుండ్రటి కన్నం. పైనుంచి మర ఉన్న కడ్డీ దిగి, చివర ఉన్న వాషరును ఆ కన్నం మీద నొక్కుతుంది. మామూలు తిప్పుడు కుళాయిలో ఉన్నదీ ఈ ఏర్పాటే. ఇంట్లో స్టాప్ కాక్ అని పిలిచేది కూడా ఎక్కువగా ఈ జాతిదే.

ఇందులో మర చేసే మేలు చూడండి. పిడి ఒక చుట్టు తిరిగితే మీ చెయ్యి సుమారు 19 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. కడ్డీ మాత్రం 3 మిల్లీమీటర్లే దిగుతుంది. అంటే దూరంలో సుమారు 60 రెట్లు తేడా. ఘర్షణ వల్ల కొంత పోయినా, చేతి బలం ఎన్నో రెట్లు పెరిగి వాషరును నొక్కుతుంది. అందుకే కుళాయిని బలం కొద్దీ బిగించకూడదు. అలా బిగిస్తే వాషరు నలిగిపోతుంది. నలిగిన వాషరు కారుతుంది. కారుతుందని ఇంకా బిగిస్తాం, అది ఇంకా నలుగుతుంది.

ఈ కవాటంలో నీటి ధారను తగ్గించుకోవడం, పెంచుకోవడం తేలిక. కాని నీరు లోపల మెలికలు తిరిగి పోవాలి. అందువల్ల అడ్డు ఎక్కువ. 20 మిల్లీమీటర్ల పైపుకు ఒక గ్లోబు వాల్వు పెడితే, ఇంచుమించు 7 మీటర్ల పైపు అదనంగా వేసినంత అడ్డు కలుగుతుంది. ట్యాంకు ఎత్తు తక్కువైన ఇంట్లో ధార సన్నబడిపోవడానికి ఇదొక కారణం.

గేటు వాల్వు: గుండ్రటి చక్రం లాంటి పిడి ఉంటుంది. తిప్పుతున్న కొద్దీ చీల ఆకారపు లోహపు పలక పైకి లేస్తుంది. పూర్తిగా లేచాక నీటి దారిలో అడ్డేమీ ఉండదు. 20 మిల్లీమీటర్ల పైపులో దీని అడ్డు జానెడు పైపుకు మించదు. అయితే దీన్ని పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి. సగం తెరిచి వదిలితే పలక కింది నుంచి నీరు వేగంగా దూసుకుపోతుంది. పలక అదురుతుంది, అంచు అరిగిపోతుంది. ఆ తరువాత ఎంత మూసినా నీరు జారుతూనే ఉంటుంది. ఇంకొక లోపం: పలక దిగే గాడి అడుగున ఇసుక, మడ్డి చేరితే పలక చివరి వరకూ దిగదు.

బాల్ వాల్వు: లోపల ఒక నున్నటి బంతి, దానికి అడ్డంగా కన్నం. పిడిని పావు చుట్టు తిప్పితే చాలు. పిడి పైపు వెంబడి ఉంటే తెరిచి ఉన్నట్టు, పైపుకు అడ్డంగా ఉంటే మూసి ఉన్నట్టు. చూడగానే తెలిసిపోతుంది. గేటు వాల్వుకు ఈ సౌకర్యం లేదు. తెరిచి ఉందో మూసి ఉందో తిప్పి చూస్తే గాని తెలియదు.

పాంపే నాటి బిరడాకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. లోహం మీద లోహం రాసుకుంటే అరుగుతుంది, పట్టేస్తుంది. నేటి బంతి రెండు మెత్తని తెల్లటి కంకణాల మధ్య కూర్చుంటుంది. ఆ తెల్లటి పదార్థం టెఫ్లాన్. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు వేరే పరిశోధన చేస్తుండగా ఇది అనుకోకుండా బయటపడింది. దాదాపు దేనికీ అంటుకోని ఈ పదార్థం వల్లనే బాల్ వాల్వు ఇంటింటికీ వచ్చింది. ప్లంబరు మర మీద చుట్టే తెల్లటి టేపు కూడా అదే.

గబుక్కున మూస్తే?

బాల్ వాల్వుకు పావు చుట్టు చాలు. అదే దాని గొప్ప, అదే దాని చిక్కు కూడా. పైపులో పరుగెడుతున్న నీటికి జడత్వం ఉంటుంది. పోయే బస్సుకు సడన్‌గా బ్రేకు వేస్తే మనం ముందుకు తూలుతాం కదా! అలాగే నీరూ మూసిన తలుపును ఢీకొంటుంది. పైపులో ‘ఢబ్’ మని చప్పుడవుతుంది. దీన్ని నీటి సమ్మెట దెబ్బ అనవచ్చు. రష్యన్ శాస్త్రజ్ఞుడు జుకోవ్‌స్కీ 1897-98లో మాస్కో నగరపు నీటి గొట్టాల మీద ప్రయోగాలు చేసి దీని లెక్క తేల్చాడు. ఇనుప పైపులో సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే నీటిని క్షణంలో ఆపేస్తే, పీడనం చ.సెం.మీ.కు సుమారు 12, 13 కిలోగ్రాములు పెరుగుతుంది! మామూలుగా ఉన్న 0.7తో పోల్చి చూడండి.

ఇంటి లోపలి పైపులు పొట్టివి, మన చెయ్యి అంత వేగంగా కదలదు. కాబట్టి పూర్తి దెబ్బ సాధారణంగా పడదు. కాని బోరు మోటారు నుంచి పొలం దాకా పోయే పొడుగాటి పైపుల్లో ఇది ఎల్బోలను ఊడగొట్టగలదు. బాల్ వాల్వును నాలుగైదు సెకన్లు తీసుకుని నెమ్మదిగా మూయడమే దీనికి మందు.

అమరావతి శిల్పం, మొరాయించే కవాటం

పల్నాడు నేల అడుగున సున్నపురాయి విస్తారంగా ఉంది. అమరావతి స్తూపం మీది శిల్పాలు, నాగార్జునకొండ శిల్పాలు చెక్కింది ఈ పల్నాటి సున్నపురాతి మీదనే. ఇళ్ళలో పరిచే నాపరాళ్ళు, పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, దాచేపల్లి, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, అన్నిటికీ ఆధారం ఆ రాయే. మీ ఇంటి కవాటం మొరాయించడానికి కారణం కూడా ఆ రాయే!

ఎలాగంటారా? వాన నీరు గాలిలోంచి, నేలలోంచి కార్బన్ డయాక్సైడును కరిగించుకుని కొద్దిగా ఆమ్లగుణం పొందుతుంది. ఆ నీరు సున్నపురాతి పగుళ్ళలోంచి ఇంకేటప్పుడు రాతిలోని కాల్షియం కార్బొనేట్ కొంచెం కొంచెంగా కరిగి, కాల్షియం బైకార్బొనేట్‌గా మారుతుంది. బోరులోంచి ఆ నీరు పైకి వచ్చాక కార్బన్ డయాక్సైడు గాలిలోకి పోతుంది. ఎండకు ట్యాంకు వేడెక్కితే ఇంకా త్వరగా పోతుంది. అప్పుడు కరిగిన రాయి మళ్ళీ రాయి అవుతుంది. బకెట్టు అంచున, గీజరులో, కుళాయి మూతి దగ్గర కనిపించే తెల్లటి చార అదే. పెద్దలు ‘ఉప్పు పట్టింది’ అంటారు. నిజానికి అందులో ఎక్కువ భాగం ఉప్పు కాదు, సున్నపురాయి.

ఈ పొర కవాటం లోపల కూడా పేరుకుంటుంది. ఏళ్ళ తరబడి తిప్పని గేటు వాల్వులో పలక, గాడి, మర అన్నీ ఒకే రాయిగా అతుక్కుపోతాయి. సరిగ్గా అవసరం వచ్చిన రోజున చక్రం తిరగదు. బలం చేస్తే కడ్డీ విరుగుతుంది. నీటిని ఆపడానికి వెళ్ళి కొత్త చిమ్ముడు తెచ్చుకున్నట్టవుతుంది. పెట్టిన కవాటమే సమయానికి పనిచేయకపోతే అది ఉన్నా లేనట్టే.

కాబట్టి కఠిన జలం వచ్చే ఇంట్లో, పూర్తిగా తెరవడం లేదా మూయడం మాత్రమే కావలసిన చోట, బాల్ వాల్వు మేలు. నున్నటి బంతిని టెఫ్లాన్ కంకణం ప్రతిసారీ తుడుస్తుంది. పొర గట్టిపడే అవకాశం తక్కువ. అయితే దాన్ని కూడా తిప్పకుండా వదిలేస్తే పట్టేస్తుంది. నెలకొకసారి అన్ని కవాటాలనూ ఒకసారి మూసి తెరవడం అలవాటు చేసుకోవాలి. గేటు వాల్వును పూర్తిగా తెరిచాక పావు చుట్టు వెనక్కి తిప్పి వదలండి. అప్పుడది తెరిచిన చోటే బిగుసుకుపోదు.

దేనితో చేసినది?

ఇత్తడి, గన్‌మెటల్ కవాటాలు చాలాకాలం మన్నుతాయి. కొనేటప్పుడు చేతిలో పట్టుకుని చూడండి. మరీ తేలికగా ఉంటే గోడలు పలుచన. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందో లేదో చూడాలి. రాగి మిశ్రలోహపు గేటు, గ్లోబు వాల్వులకు భారత ప్రమాణం ఐ.ఎస్. 778; కుళాయిలకు, స్టాప్ వాల్వులకు ఐ.ఎస్. 781. బాల్ వాల్వులోంచి వెలుతురు వైపు చూడండి. కొన్నిటిలో బంతి కన్నం పైపు కన్నం కన్నా చిన్నదిగా ఉంటుంది. ట్యాంకు కింద పెట్టేదానికి పైపంత కన్నం ఉన్నదే తీసుకోవాలి.

ప్లాస్టిక్ కవాటాలు చవక, తుప్పు పట్టవు. కాని వేసవి వాతావరణ వార్తల్లో రెంటచింతల పేరు వినని వారుండరు. అలాంటి ఎండలో మేడ మీద పి.వి.సి. కవాటం ఏమవుతుంది? ఎండలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్‌ను పెళుసు చేస్తాయి. రెండు మూడు వేసవులు గడిచాక పిడి పుటుక్కున విరిగి చేతికి వస్తుంది. వేడెక్కిన కొద్దీ పి.వి.సి. పీడనాన్ని తట్టుకునే శక్తి కూడా తగ్గుతుంది. మేడ మీద లోహపు కవాటం పెట్టడం మంచిది. ప్లాస్టిక్‌దే పెడితే నీడ కల్పించాలి. వేడి నీటి పైపుకు మామూలు పి.వి.సి. పనికిరాదు, సి.పి.వి.సి. గాని లోహం గాని వాడాలి.

ఎక్కడెక్కడ పెట్టాలి?

ఒకటి, వీధి పైపు ఇంటి ఆవరణలోకి రాగానే. ఇది ఇల్లంతటికీ వీధి తలుపు.

రెండు, మేడ మీది ట్యాంకు నుంచి బయటికి వచ్చే ప్రతి పైపుకూ ఒకటి. ట్యాంకు నుంచి పైపు బయలుదేరే కన్నం అడుగుకు కొంచెం పైన ఉండాలి. లేకపోతే మడ్డి అంతా పైపులోకి దిగుతుంది.

మూడు, వంటింటికీ, ప్రతి స్నానాల గదికీ ఒక్కొక్కటి.

నాలుగు, చేతులు కడుక్కునే బేసిను, మరుగుదొడ్డి తొట్టి, గీజరు లాంటి వాటికి విడివిడిగా చిన్న యాంగిల్ వాల్వులు.

పెట్టకూడని చోట్లు కూడా ఉన్నాయి. ట్యాంకు నిండి పొర్లే పైపుకూ, గాలి పోయే పైపుకూ ఎన్నడూ కవాటం పెట్టకూడదు.

వీధి నీరు రోజంతా రాని ఊళ్ళలో మరొక జాగ్రత్త అవసరం. సరఫరా ఆగినప్పుడు వీధి పైపు ఖాళీ అవుతూ నీటిని వెనక్కి లాగుతుంది. ఆ సమయంలో మీ రబ్బరు గొట్టం చివర బకెట్టులో మునిగి ఉంటే, బకెట్టులోని మురికి నీరు ఊరి పైపులోకి పోవచ్చు! దీన్ని అడ్డుకునేది ఒకవైపే తెరుచుకునే కవాటం. గుండె కవాటానికి ఇది సోదరి. పొలం మోటారు కింద రైతులు పెట్టే ఫుట్ వాల్వు కూడా ఈ కోవదే.

బిగించే పద్ధతి

ఈ పని పెద్దల పర్యవేక్షణలోనే జరగాలి. మేడ అంచున, మోటారు దగ్గర పిల్లలు ఒంటరిగా పనిచేయకూడదు. అయినా పద్ధతి తెలిసి ఉంటే, పని సరిగ్గా జరుగుతున్నదో లేదో మీరే గమనించవచ్చు.

ముందుగా మోటారు స్విచ్చి ఆపాలి. పైనున్న కవాటం మూసి, అన్నిటికన్నా కింద ఉన్న కుళాయి తెరిచి పైపులోని నీటిని వదిలేయాలి.

కవాటం చెయ్యి అందే చోట ఉండాలి. బాల్ వాల్వు పిడి పావు చుట్టు తిరగడానికి ఖాళీ కావాలి. గోడను ఆనుకుంటే పిడి సగంలోనే ఆగిపోతుంది. పక్కనే ఒక యూనియన్ పెడితే, రేపు కవాటం మార్చవలసి వచ్చినప్పుడు పైపు కోయనక్కరలేదు.

గ్లోబు వాల్వు ఒంటి మీద బాణం గుర్తు ఉంటుంది. నీరు పోయే దిక్కుకే బాణం ఉండాలి. అలా పెడితే నీరు వాషరు కింది నుంచి వస్తుంది. మూసినప్పుడు కడ్డీ చుట్టూ ఉండే పేకింగు మీద పీడనం పడదు. గేటు, బాల్ వాల్వులకు సాధారణంగా ఈ పట్టింపు లేదు.

రెండు మరలు ఎంత బిగించినా మధ్య సన్నటి సందు మిగులుతుంది. దాన్ని పూడ్చేది టెఫ్లాన్ టేపు. మర చివరను మీ వైపు పెట్టుకుని, గడియారపు ముల్లు తిరిగే దిక్కులో ఐదారు చుట్లు చుట్టాలి. ఎదురు దిక్కులో చుడితే బిగించేటప్పుడు టేపు ఊడి ముద్దవుతుంది. బిగించేటప్పుడు ఒక పానాతో పైపును కదలకుండా పట్టుకుని, రెండో పానాతో కవాటాన్ని తిప్పాలి. లేకపోతే తిప్పిన బలమంతా గోడలోని అతుకు మీద పడుతుంది.

లోహపు బయటి మరను ప్లాస్టిక్ లోపలి మరలోకి గట్టిగా బిగించవద్దు. మర కొసకు సన్నగా ఉండటం వల్ల అది చీలలా పనిచేసి ప్లాస్టిక్‌ను పగలగొడుతుంది. లోపల ఇత్తడి మర ఉన్న ప్లాస్టిక్ ముక్కలు దొరుకుతాయి, అవే వాడాలి.

ప్లాస్టిక్ పైపును అతికించేటప్పుడు కోత నిటారుగా ఉండాలి. అంచున రజను గీకి, తడి తుడిచి, సొల్యూషన్ రెండు వైపులా పలుచగా పూయాలి. పైపును లోపలికి నెట్టి, కొంచెం తిప్పి, అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. సొల్యూషన్ ఎక్కువైతే లోపలికి కారి బంతిని అతికించేస్తుంది! దానికి నిప్పు అంటుకునే గుణం ఉంది, దీపం దగ్గర పెట్టకూడదు. డబ్బా మీద చెప్పినంత సేపు ఆరనిచ్చాకే నీరు వదలాలి.

చివరగా కుళాయిలు తెరిచి ఉంచి, కవాటాన్ని మెల్లగా తెరవాలి. టేపు ముక్కలు, ప్లాస్టిక్ రజను కొట్టుకుపోతాయి. తరువాత కుళాయిలు మూసి, ప్రతి అతుకు చుట్టూ పొడి వార్తాపత్రిక ముక్కతో అద్ది చూడండి. కంటికి కనిపించని చెమ్మను కాగితం పట్టిస్తుంది.

మీరే చేసి చూడండి

1. రెండు సీసాల్లో సగం వరకు, ఒకదానిలో బోరు నీరు, రెండవదానిలో వాన నీరు పోయండి. రెండింటిలోనూ పది పది చుక్కల సబ్బు నీరు వేసి ఊపండి. నురగ ఎందులో ఎక్కువ? తక్కువ నురగ వచ్చినది కఠిన జలం.

2. పాత కుళాయి మూతికి పట్టిన తెల్లటి పొరను గీకి, దాని మీద నిమ్మరసం గాని వెనిగరు గాని వేయండి. సన్నటి బుడగలు వస్తాయి. అవి కార్బన్ డయాక్సైడు బుడగలు. ఎన్నడో వాన నీటితో కలిసి రాతిని కరిగించిన వాయువే ఇప్పుడు మళ్ళీ బయటికి వస్తున్నది.

3. కారే కుళాయి కింద గ్లాసు పెట్టి, గంటలో ఎంత నీరు చేరిందో కొలవండి. 24తో గుణిస్తే రోజు లెక్క, ఆపైన 30తో గుణిస్తే నెల లెక్క తేలుతుంది.

4. మీ ఇంటి నీటి పటం గీయండి. వీధి పైపు, ట్యాంకు, గదులు, ప్రతి కవాటం అందులో చూపించండి. ఏ కవాటం మూస్తే ఏ కుళాయిలు ఆగుతాయో పెద్దల సాయంతో పరీక్షించి రాయండి. తిరగని కవాటాల పక్కన ఎర్ర చుక్క పెట్టండి. పటాన్ని వంటింటి తలుపు వెనుక అంటించండి.

ఎర్ర చుక్కలు ఉన్న కవాటాలను తీరిక ఉన్న రోజునే బాగు చేయించమని నాన్నగారికి, అమ్మగారికి చెప్పండి. కుళాయి విరిగిన రోజున వెతుక్కునే తీరిక ఉండదు. ఆనాడు ఇంట్లో ఎవరు చిన్నవారైనా పరుగున వెళ్ళి సరైన పిడిని తిప్పగలిగితే, ట్యాంకెడు నీరు దక్కుతుంది.